12 లక్షల చుక్కల స్కాటర్ ప్లాట్: పీడీఎఫ్ తెరిస్తే కంప్యూటర్ మొరాయిస్తోంది

వేగుచుక్క

అందరికీ నమస్కారం. గయా అంతరిక్ష దూరదర్శిని మూడో విడత డేటా నుంచి 12 లక్షల నక్షత్రాలు తీసుకుని ఒక స్కాటర్ ప్లాట్ గీశాను. అడ్డంగా రంగు సూచిక, నిలువుగా నిరపేక్ష ప్రకాశ పరిమాణం. పైథాన్‌లో పటాలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలో స్కాటర్ ఫంక్షన్ వాడాను. చుక్క సైజు 1, ఆల్ఫా (రంగు ఎంత చిక్కగా పడాలన్నది) 0.1, అన్నీ ఒకే నీలం రంగు, మిగతావన్నీ డిఫాల్టులే. బొమ్మ వెడల్పు మూడున్నర అంగుళాలు, ఎత్తు నాలుగు.

పీడీఎఫ్ 11 ఎంబీ మాత్రమే. కానీ తెరిచిన ప్రతిసారీ చుక్కలు విడతలు విడతలుగా పడుతుంటాయి. అక్షాలు, అంకెలు అన్నిటికంటే చివర వస్తాయి. కాస్త జూమ్ చేస్తే కథ మళ్లీ మొదటికి. వ్యాసంలో ఆ పుట దాటాలంటే స్క్రోలింగ్ బిగుసుకుపోతుంది. ఎస్‌వీజీగా దాస్తే ఫైలు 150 ఎంబీ దాటింది, బ్రౌజర్ చేతులెత్తేసింది. పీఎన్‌జీ అయితే హాయిగా తెరుచుకుంటుంది కానీ, పత్రిక వాళ్లు వెక్టర్ బొమ్మే (పిక్సెళ్లుగా కాక గీతలు, ఆకారాలుగా దాచినది) కావాలంటున్నారు.

వందల ఎంబీల పుస్తకాలు క్షణంలో తెరుచుకునే కంప్యూటర్‌కు ఈ 11 ఎంబీ ఎందుకింత బరువైంది?

సందేహాలరావు

గోస్ట్‌స్క్రిప్ట్ అనే పీడీఎఫ్ పనిముట్టుతో ఒకసారి కుదించి చూడండి. ఈబుక్ సెట్టింగు పెడితే ఫైలు బాగా తగ్గుతుంది. నేను స్కాన్ చేసిన పత్రాలకు ఎప్పుడూ అదే చేస్తాను.

గీతాకారుడు

సందేహాలరావు గారూ, స్కాన్ చేసిన పత్రంలో ఉండేవి ఫొటోలు. ఈబుక్ సెట్టింగు వాటి రిజల్యూషన్‌ను 150 డీపీఐకి (అంగుళానికి 150 పిక్సెళ్లు) దించుతుంది కాబట్టి ఫైలు చిన్నదవుతుంది. వేగుచుక్క గారి ఫైలులో ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఆజ్ఞలు. కుదింపు వల్ల ఆ ఆజ్ఞల సంఖ్య తగ్గదు.

వేగుచుక్క గారూ, నమ్మకం కుదరాలంటే లోపల ఏముందో మీరే చూడండి. క్యూపీడీఎఫ్ అనే చిన్న పనిముట్టు ఉంది. దానికి క్యూడీఎఫ్ ఆప్షన్ ఇస్తే పీడీఎఫ్‌లోని కుదింపు విప్పేసి మామూలు ఎడిటర్‌లో చదవగలిగేలా రాసిస్తుంది. అందులో మొదట ఒక వృత్తం నిర్వచనం కనిపిస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ వృత్తాన్ని ఎనిమిది బెజియర్ వంపులతో గీస్తుంది. ఆ తర్వాత పుటలు పుటలుగా ఒకే రకం వరుసలు: ‘ఇంత అడ్డంగా, ఇంత నిలువుగా జరుగు’, ‘ఆ వృత్తాన్ని గీయి’. మళ్లీ జరుగు, మళ్లీ గీయి. ఇలా 12 లక్షల సార్లు. ఆకారాన్ని ఒక్కసారే రాసి పదే పదే పిలుస్తోంది కాబట్టీ, ఒకేలాంటి వరుసలు బాగా కుదించుకుపోతాయి కాబట్టీ ఫైలు 11 ఎంబీ దగ్గర ఆగింది. వ్యూయర్‌కు మాత్రం ఆ పొదుపు వల్ల పెద్దగా ఒరిగేది లేదు. 12 లక్షల వృత్తాలనూ ఒక్కొక్కటిగా, అంచులు నునుపు చేస్తూ, అప్పటికే అక్కడున్న రంగుతో పది శాతం కలుపుతూ గీయాల్సిందే. జూమ్ మార్చితే పాత ఫలితం పనికిరాదు, మొదటి నుంచి మళ్లీ గీయాలి.

అక్షాలు చివర రావడానికి కారణం కూడా ఆ వరుసలోనే ఉంది. స్కాటర్ చుక్కల జడ్-ఆర్డర్ 1, గీతలది 2, అక్షాల చట్రానిది ఇంకా ఎక్కువ. తక్కువ సంఖ్య ఉన్నవి ముందు రాస్తారు. చుక్కలన్నీ గీయడం పూర్తయ్యాకే చట్రం వంతు వస్తుంది.

ఫైలు సైజు, గీసేందుకు పట్టే సమయం వేర్వేరు సంగతులు. ఈ వేదికలో సగం ప్రశ్నలు ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే వస్తున్నాయి.

వేగుచుక్క

విప్పి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. ఎడిటర్‌లో కిందికి వెళుతూనే ఉన్నాను, అంతు లేదు. మరి ఎస్‌వీజీ అంత పెద్దది ఎందుకయింది? అందులోనూ ఆకారం ఒక్కసారే రాస్తారు కదా?

చుక్కలముగ్గు

రాస్తారు. కానీ ఎస్‌వీజీలో ప్రతి చుక్కకూ ‘యూజ్’ అనే ఒక మూలకం వస్తుంది. దానిలో స్థానంతో పాటు నింపే రంగు, అంచు రంగు, పారదర్శకత అన్నీ అక్షరాల్లో మళ్లీ మళ్లీ రాసి ఉంటాయి. ఒక్కో చుక్కకు వంద అక్షరాలు దాటడం మామూలే. 12 లక్షలతో గుణించండి. పైగా మామూలు ఎస్‌వీజీలో కుదింపు ఉండదు.

అంతకంటే పెద్ద తలనొప్పి ఏమిటంటే, బ్రౌజర్ ప్రతి మూలకాన్నీ ఒక వస్తువుగా మెమరీలో పెట్టుకుంటుంది. రేపు ఎవరైనా ఆ చుక్క మీద మౌస్ పెడితే, దాని రంగు మార్చమంటే మార్చడానికి సిద్ధంగా ఉండాలి కదా. కొన్ని వేల మూలకాల వరకు ఇబ్బంది ఉండదు. లక్షల్లోకి వెళితే గీయడం సంగతి తర్వాత, ఫైలు చదవడంలోనే మెమరీ నిండిపోతుంది. వెబ్ పేజీలో నిజంగా అన్ని చుక్కలూ కావాలంటే చుక్కలను విడి వస్తువులుగా దాచకుండా నేరుగా పిక్సెళ్లుగా గీసే కాన్వాస్ లేదా వెబ్‌జీఎల్ దారి పట్టాలి. వెబ్ పటాలు గీసే ప్లాట్లీ లైబ్రరీలో స్కాటర్ జీఎల్ అని విడిగా ఉన్నది అందుకే. దాన్ని ఎస్‌వీజీగా ఎగుమతి చేసినా చుక్కల భాగం లోపల బొమ్మగానే వస్తుంది.

ఇక పరిష్కారం. స్కాటర్‌ను పిలిచేటప్పుడే రాస్టరైజ్డ్ అనే ఆర్గ్యుమెంటుకు ట్రూ ఇవ్వండి. చుక్కల పొర ఒక్కటే పిక్సెల్ బొమ్మగా మారి పీడీఎఫ్‌లో కూర్చుంటుంది. అక్షాలు, అంకెలు, శీర్షిక, లెజెండ్ అన్నీ వెక్టర్‌గానే ఉంటాయి. ఒక్క మాట చేర్చితే పని అయిపోతుంది.

వేగుచుక్క

చేశాను. రెప్పపాటులో తెరుచుకుంటోంది! కానీ చుక్కలు మసకగా, మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఇలా పంపితే సమీక్షకులు ఊరుకోరు.

చుక్కలముగ్గు

సేవ్‌ఫిగ్‌లో డీపీఐ ఇవ్వలేదు కదా? డిఫాల్టు 100. మూడున్నర అంగుళాల వెడల్పు అంటే 350 పిక్సెళ్లు మాత్రమే. మసకగా ఉండక ఏమవుతుంది! 600 ఇవ్వండి, 2100 పిక్సెళ్లు వస్తాయి. పీడీఎఫ్‌లో ఈ డీపీఐ ప్రభావం రాస్టర్ చేసిన భాగం మీదే ఉంటుంది. అక్షరాలకూ గీతలకూ దానితో సంబంధం లేదు. ‘పీడీఎఫ్‌కు డీపీఐ ఎందుకు’ అని చాలామంది దాన్ని వదిలేస్తారు. ఈ ఒక్క సందర్భంలో అది కీలకం.

లేటెక్_పిచ్చి

నాకు ఈ రాస్టర్ సలహా గిట్టదు. వెక్టర్ అంటే వెక్టరే. పాఠకుడు ఎంత పెద్దది చేసి చూసినా చుక్క గుండ్రంగా ఉండాలి. అక్షరాలు పదునుగా ఉండి, వాటి పక్కన పిక్సెళ్లు కనిపించడం చూడటానికి బాగుండదు. మనం వెక్టర్ అని పంపిన దానిలో సగం ఫొటో ఉందని పత్రికవారు పట్టుకుంటే?

గీతాకారుడు

మీ అభ్యంతరం 200 చుక్కల ప్లాట్‌కు పూర్తిగా సరైనది. 12 లక్షలకు ఒకసారి లెక్క వేద్దాం.

అచ్చులో ఈ బొమ్మ మూడున్నర బై నాలుగు అంగుళాలు. 300 డీపీఐలో అది 1050 బై 1200, అంటే 12.6 లక్షల పిక్సెళ్లు. మార్జిన్లు తీసేస్తే ఇంకా తక్కువ. అంటే ఉన్న పిక్సెళ్లు ఎన్నో, చుక్కలు కూడా దాదాపు అన్నే. ఒక పాయింటు వ్యాసమున్న చుక్క ఆ రిజల్యూషన్‌లో నాలుగు పిక్సెళ్ల పైచిలుకు వెడల్పుతో 13, 14 పిక్సెళ్లను కప్పుతుంది. చుక్కలన్నీ సమంగా పరిచినా ప్రతి పిక్సెల్ మీదా సగటున 13 పొరలు పడతాయి. నక్షత్రాలు సమంగా ఉండవు, ప్రధాన క్రమం అనే సన్నని పట్టీలో కిక్కిరిసి ఉంటాయి. అక్కడ వందల పొరలు. ఆల్ఫా 0.1 అయినా నలభై పొరలు దాటేసరికి ఆ రంగు దాదాపు నిండు నీలమే. ఆ పట్టీ మధ్యలో ‘గుండ్రటి చుక్క’ అన్నదే లేదు, ఉన్నది ఒక నీలం మరక. మరకను వెక్టర్‌గా దాచి ఎవరికి ఏమిటి లాభం?

పత్రికల సంగతికొస్తే, వెక్టర్ కావాలని అడగడంలో వారి ఉద్దేశం సాధారణంగా అక్షరాలు, గీతలు పదునుగా ఉండాలని, అవసరమైతే వాటిని దిద్దుకోవడానికి వీలుండాలని. ఈ పద్ధతిలో ఆ రెండూ నెరవేరుతాయి. అయినా మీ పత్రిక నియమాల్లో మిశ్రమ బొమ్మలకు ఎంత డీపీఐ అడిగారో చూసుకుని అదే ఇవ్వండి.

ఇంకో సంగతి ఎవరూ గమనించినట్టు లేదు. వేగుచుక్క గారు ‘మిగతావన్నీ డిఫాల్టులే’ అన్నారు. స్కాటర్‌లో చుక్కకు అంచు గీత ఉంటుంది. దాని డిఫాల్టు మందం 1.5 పాయింట్లు, రంగు లోపలి రంగే కాబట్టి కంటికి విడిగా కనిపించదు. సైజు 1 అంటే వ్యాసం ఒక పాయింటు. అంచు మందం సగం బయటికి, సగం లోపలికి పడుతుంది కాబట్టి తెర మీద కనిపించేది రెండున్నర పాయింట్ల చుక్క. వైశాల్యంలో ఇది ఆరు రెట్లకు పైనే. మీరు ఒక పాయింటు చుక్క గీస్తున్నానని అనుకుంటున్నారు, వ్యూయర్ మాత్రం దానికి ఆరింతలు రంగు పూస్తోంది. అది కూడా నింపడం, అంచు గీయడం అనే రెండు పనులుగా. లైన్‌విడ్త్స్‌ను సున్నా చేయండి. రాస్టర్ చేసినా చేయకపోయినా ఇది మంచిదే. చుక్కలు మరీ సన్నబడితే సైజు కొంచెం పెంచుకోండి. సైజు అన్నది వ్యాసం వర్గం అని గుర్తుంచుకోండి: వ్యాసం రెట్టింపు కావాలంటే 4 ఇవ్వాలి.

వేగుచుక్క

అంచు తీసేశాక పటం స్వరూపమే మారిపోయింది! ప్రధాన క్రమం పక్కన ఇంకో సన్నని పట్టీ విడిగా కనిపిస్తోంది, జంట నక్షత్రాలు కాబోలు. ఇంతకు ముందు రెండూ కలిసిపోయి ఉండేవి.

సందేహాలరావు

పాత్ సింప్లిఫై అని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఒక సెట్టింగు చూశాను. చుక్కలను సులభం చేయడానికి అది పనికొస్తుందా?

చుక్కలముగ్గు

రాదండి. అది పొడవైన గీతలకు. లక్ష బిందువుల కాల శ్రేణిని ఒక గీతగా గీసినప్పుడు, కంటికి తేడా తెలియని మలుపులను వదిలేస్తుంది. స్కాటర్ చుక్కల జోలికి వెళ్లదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. అక్షాల పరిధి తగ్గించినంత మాత్రాన, దాని బయట ఉన్న చుక్కలు ఫైలులోంచి మాయమవుతాయని నమ్మకండి. కత్తిరింపు హద్దు వెనక దాగి ఉండవచ్చు. కనిపించకపోయినా వ్యూయర్ వాటిని లెక్కలోకి తీసుకోవాల్సిందే. గీసే ముందే డేటాను వడపోయండి.

జన్యుపటం

మా దగ్గర ఇదే బాధ మాన్‌హాటన్ ప్లాట్లతో. జన్యువుల సంబంధాల అధ్యయనంలో లక్షలాది స్థానాలకు ఒక్కో పీ-విలువ (ఎంత చిన్నదైతే ఆధారం అంత బలమైనది) వస్తుంది. దాని లాగరిథమ్‌ను మైనస్ చేసి నిలువుగా గీస్తాం. వాటిలో అత్యధికం కింద నేలబారుగా పడి ఉంటాయి, ఎవరూ వాటిని చూడరు. చూసేది 7.3 గీత దాటి పైకి లేచిన శిఖరాలనే. ఆ గీత అంటే పీ-విలువ 5×10⁻⁸.

కాబట్టి నేను రెండు పొరలుగా విడగొడతాను. నేలబారు చుక్కలన్నీ ఒక స్కాటర్, అది రాస్టర్. గీత దాటినవి కొన్ని వందలు, అవి రెండో స్కాటర్, వెక్టర్. తర్వాత ఎడిటర్‌లో ఏ శిఖరానికైనా పేరు రాయాలన్నా, రంగు మార్చాలన్నా ఆ చుక్కలు విడిగా చేతికి దొరుకుతాయి. లేటెక్_పిచ్చి గారి కోరిక కూడా తీరుతుంది: పెద్దది చేసి చూసేవారు చూసేది ఆ చుక్కలనే కదా.

చుక్కలను యాదృచ్ఛికంగా తగ్గించాలనుకునే వారికి ఒక జాగ్రత్త. నేలబారు వాటిని ఎంత పలచన చేసినా నష్టం లేదు. పైవాటిలో ఒక్కటి కూడా పోకూడదు. మొత్తం డేటా మీద గుడ్డిగా ఒక శాతం నమూనా తీస్తే మిగిలేది నేల మాత్రమే.

వేగుచుక్క

ఇది నాకూ వర్తిస్తుంది. నా పటంలో ఎడమ పక్క అడుగున శ్వేత మరుగుజ్జు నక్షత్రాలు ఉన్నాయి, చాలా తక్కువ. నమూనా తీస్తే ముందు పోయేవి అవే. నా వ్యాసంలో ఒక విభాగమంతా వాటి గురించే.

గీతాకారుడు

అలాంటప్పుడు నా సలహా ఇది. దట్టంగా ఉన్న చోట చుక్కలు మానేసి సాంద్రత చూపండి, పలచగా ఉన్న చోట చుక్కలు ఉంచండి. పటాన్ని చిన్న గడులుగా విడదీసి, ఒక్కో గడిలో ఎన్ని నక్షత్రాలున్నాయో లెక్కపెట్టండి. నంపైలో హిస్టోగ్రామ్2డీ ఈ పని చేస్తుంది. ఒక హద్దు పెట్టుకోండి, పది అనుకుందాం. పది దాటిన గడులకు సంఖ్యను బట్టి రంగు వేయండి, అదీ లాగరిథమ్ స్కేలులో. లేకపోతే ప్రధాన క్రమం నడిబొడ్డు ఒక్కటే వెలిగి మిగతాదంతా చీకటవుతుంది. పది లోపు ఉన్న గడుల్లోని నక్షత్రాలను మామూలు చుక్కలుగా, ఆల్ఫా లేకుండా, వెక్టర్‌గా గీయండి. 12 లక్షల్లో అలా మిగిలేవి కొన్ని వేలు ఉంటాయేమో. ఏ వ్యూయరైనా వాటిని సునాయాసంగా గీస్తుంది.

దీనివల్ల వేగం ఒక్కటే కాదు, బొమ్మ కూడా మునుపటి కంటే నిజం చెబుతుంది. నిండు నీలం మరకలో నలభై నక్షత్రాలున్న చోటికీ, నాలుగు వందలున్న చోటికీ తేడా తెలియదు. రంగు స్కేలు ఉంటే ఆ తేడాను పాఠకుడు అంకెలో చదువుకోగలడు. రాస్టర్ చేయడం వల్ల మొరాయింపు పోతుంది కానీ, ఈ చిక్కు అలాగే ఉంటుంది. కాబట్టి నా ఓటు దీనికే.

అంత శ్రమ వద్దనుకుంటే హెక్స్‌బిన్ ఉంది. గ్రిడ్‌సైజు డిఫాల్టు 100 తో, బొమ్మ మొత్తం మీద సుమారు 11,500 షడ్భుజులకు మించవు. మిన్‌కౌంట్ 1 ఇస్తే ఖాళీవి రావు. 12 లక్షల వృత్తాలతో పోలిస్తే అది లెక్కలోది కాదు, పూర్తిగా వెక్టర్‌గానే ఉంచుకోవచ్చు. డేటా కోట్లలోకి వెళితే డేటాషేడర్ అనే లైబ్రరీ ఈ పని కోసమే పుట్టింది. అది చుక్కలను గీయకుండా, ఏ పిక్సెల్‌లో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి రంగు వేస్తుంది.

లేటెక్_పిచ్చి

ఇది నాకు నచ్చింది. నా పాత బాధ కూడా చెప్పుకుంటాను. లేటెక్‌లో పటాలు గీసే పీజీఎఫ్‌ప్లాట్స్ ప్యాకేజీకి నేరుగా డేటా ఇస్తే, కొన్ని పదుల వేల చుక్కలకే టెక్ తన మెమరీ హద్దు దాటిందని చేతులు జోడించి ఆగిపోతుంది. నిజంగానే ‘సారీ’ అంటుంది. లూవాలేటెక్‌కు మారితే మెమరీ అవసరాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ అడ్డంకి తొలగుతుంది, కానీ ప్రతి కంపైలుకూ ఎదురుచూపులు తప్పవు.

దీనికి పీజీఎఫ్‌ప్లాట్స్‌లోనే ఒక దారి ఉంది. అక్షాలు, అంకెలు ఏవీ లేకుండా, మార్జిన్ కూడా లేకుండా, చుక్కలను మాత్రమే పీఎన్‌జీగా బయట గీయించుకోవాలి. తర్వాత యాడ్‌ప్లాట్ గ్రాఫిక్స్ ఆజ్ఞతో ఆ బొమ్మ నాలుగు అంచులకూ ఎక్స్, వై విలువలు చెబితే, దాని చుట్టూ అక్షాలను అది సొంతంగా కట్టుకుంటుంది. అక్షరాలు వ్యాసంలోని ఫాంటులోనే వస్తాయి. నాకు ఈ గొడవంతా ఫాంటు కోసమే.

ఆర్_నేస్తం

ఆర్ వాడేవారి కోసం కూడా రెండు మాటలు. జీజీప్లాట్‌లో ఇదే పనికి జీజీరాస్టర్ ప్యాకేజీ ఉంది. దాన్ని ‘ఈ’ (e) అక్షరం లేకుండా రాస్తారు, వెతికేటప్పుడు జాగ్రత్త. మామూలు జియోమ్ పాయింట్ పొరను దాని రాస్టరైజ్ ఫంక్షన్‌లో చుట్టి డీపీఐ ఇస్తే సరిపోతుంది. చుక్కలు లక్షల్లో ఉంటే స్కాటర్‌మోర్ ఇంకా వేగంగా పని చేస్తుంది. ఆకారం 19 కి అంచు గీత ఉంటుంది, 16 కి ఉండదు. పైన గీతాకారుడు గారు చెప్పిన అంచు సంగతి ఇక్కడా వర్తిస్తుంది.

అలాగే పీడీఎఫ్ డివైస్‌లో యూజ్ డింగ్‌బ్యాట్స్ అనే ఆప్షన్ ఉంది. అది ఆన్‌లో ఉంటే ఆర్ చిన్న వృత్తాలను జాఫ్ డింగ్‌బ్యాట్స్ ఫాంటులోని అక్షరాలుగా రాస్తుంది. ఫైలు చిన్నదవుతుంది కానీ, ఆ ఫాంటు లేని ఎడిటర్‌లో తెరిస్తే చుక్కలన్నీ ఇంగ్లిష్ అక్షరాలుగా మారిపోయి కనిపిస్తాయి. నక్షత్ర పటం కాస్తా అక్షరమాల అయిపోతుంది! బొమ్మను ఎడిటర్‌లో దిద్దాలనుకుంటే దాన్ని ఆఫ్ చేయండి.

ముద్రణాలయం

నేను అచ్చు పని వైపు నుంచి చెబుతున్నాను. ఇలాంటి పుటలు మా దగ్గరికి వస్తే ప్లేటు తయారీకి ముందు పుటను పిక్సెళ్లుగా మార్చే దశలో పని నిలిచిపోతుంది. ఎలాగూ చివరికి మేము చేసేది రాస్టరే. మీరే ముందుగా 600 డీపీఐతో చేసి పంపితే, ఎలా వస్తుందో మీ కళ్లతో మీరు చూసుకుని పంపినట్టవుతుంది.

ఒక్క విన్నపం. అలా పంపిన ఫైలును మళ్లీ ఏ ఆన్‌లైన్ కుదింపు యంత్రంలోనూ వేయవద్దు. ఇప్పుడు దానిలో నిజంగానే బొమ్మ ఉంది కాబట్టి పైన చెప్పిన 150 డీపీఐ దెబ్బ ఈసారి తగులుతుంది. దాన్ని జేపెగ్‌గా మార్చేస్తే ప్రతి చుక్క చుట్టూ బూజు పట్టినట్టు మచ్చలు వస్తాయి. గోస్ట్‌స్క్రిప్ట్ వాడక తప్పకపోతే బొమ్మల ఆటో ఫిల్టరు ఆపి, నాణ్యత పోకుండా కుదించే ఫ్లేట్ ఎన్‌కోడ్ ఎంచుకోండి.

జన్యుపటం

రాస్టర్ చేసినా ఫైలు తగ్గడం లేదని మా విద్యార్థి ఒకరు నిన్ననే ఫైలు పట్టుకొచ్చారు. ఇరవై క్లస్టర్లకు లూపులో ఇరవై స్కాటర్లు, అన్నీ రాస్టరే. ఒక్కో క్లస్టర్ తర్వాత దాని కేంద్రం దగ్గర ఒక వెక్టర్ గుర్తు, అన్నీ ఒకే జడ్-ఆర్డర్‌లో. ఇది ఎందుకు జరుగుతుందో ఎవరైనా వివరంగా చెప్పగలరా?

చుక్కలముగ్గు

పక్కపక్కన వచ్చే రాస్టర్ పొరలను మ్యాట్‌ప్లాట్‌లిబ్ కలిపి ఒకే బొమ్మగా రాస్తుంది. మధ్యలో ఒక వెక్టర్ వస్తువు వస్తే ఆ వరుస తెగుతుంది, అక్కడికి ఒక బొమ్మ ముగించి తర్వాత కొత్తది మొదలుపెట్టాలి. మీ విద్యార్థి ఫైలులో ఇరవై పెద్ద బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పీడీఎఫ్ ఇమేజెస్ అనే పనిముట్టుకు లిస్ట్ ఆప్షన్ ఇచ్చి చూడమనండి, అన్నీ వరుసగా కనిపిస్తాయి.

కేంద్రాల గుర్తులకు జడ్-ఆర్డర్ 3 ఇస్తే చాలు, అవన్నీ చివరికి వెళ్లి చుక్కలు ఒక్క బొమ్మలో చేరతాయి. ప్రతి స్కాటర్‌కూ రాస్టరైజ్డ్ అని రాయడం విసుగనిపిస్తే, యాక్సిస్‌కు రాస్టరైజేషన్ జడ్-ఆర్డర్ హద్దు పెట్టవచ్చు. దాని కంటే తక్కువ జడ్-ఆర్డర్ ఉన్నవన్నీ రాస్టర్ అవుతాయి. 1.2 పెడితే చుక్కలు లోపల, గీతలు, అక్షరాలు బయట.

వేగుచుక్క

గీతాకారుడు గారి పద్ధతిలో గీశాను. పది దాటిన గడులకు రంగు, మిగతావి చుక్కలు. శ్వేత మరుగుజ్జులు ఇప్పుడు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. వ్యాసంలో ఆ పుట మిగతా పుటల్లాగే కదులుతోంది.

ఒక చిన్న లోపం మిగిలింది. గడుల భాగం పీకలర్‌మెష్‌తో గీశాను, అది వెక్టర్‌గానే ఉంది. కొన్ని వ్యూయర్లలో గడుల మధ్య వెంట్రుకంత తెల్లటి గీతలు కనిపిస్తున్నాయి. జూమ్ మారిస్తే గీతలు చోటు మారుతున్నాయి, ఒక్కోసారి మాయమవుతున్నాయి. డేటాలో ఖాళీలు లేవు, సరిచూసుకున్నాను.

గీతాకారుడు

అవి డేటాలోవి కావు. పక్కపక్క గడులను వ్యూయర్ విడివిడిగా నునుపు చేస్తుంది. ఉమ్మడి అంచు ఒక పిక్సెల్ మధ్యలో పడితే ఆ పిక్సెల్‌ను ఈ గడి సగం, ఆ గడి సగం కప్పుతాయి. రెండు సగాలు కలిసి నిండు కావు, వెనకున్న తెలుపు కొంత తొంగి చూస్తుంది. జూమ్ మారితే అంచు వేరే చోట పడుతుంది కాబట్టి గీతలు కదులుతాయి.

మెష్‌కు కూడా రాస్టరైజ్డ్ ట్రూ ఇవ్వండి. ఎలాగూ గడులు చతురస్రాలే, 600 డీపీఐలో తేడా తెలియదు. పైనున్న పలచని చుక్కలను వెక్టర్‌గానే వదిలేయండి. వెక్టర్‌గానే ఉంచాలని పట్టుదల ఉంటే అంచు రంగును ‘ఫేస్’ అని పెట్టి చూడండి. గడులు ఒకదాని మీదికి ఒకటి కాస్త జరిగి సందు కప్పుకుంటాయి. ఆల్ఫా ఉంటే మాత్రం ఆ అతివ్యాప్తి ముదురు గీతగా కనిపిస్తుంది.

వేగుచుక్క

రాస్టర్ చేశాను, తెల్ల గీతలు పోయాయి. 600 డీపీఐతో పీడీఎఫ్ రెండు ఎంబీ లోపే. పత్రికకు పంపేస్తున్నాను. గడుల లెక్క, చుక్కల విభజన చేసే కోడును కాస్త శుభ్రం చేసి రేపు ఇక్కడ పెడతాను.